అనంతగిరి దిగే ముందు... ముందు బ్రేకు!

‘‘ముందు బ్రేకు ముట్టుకోకురా... పల్టీ కొట్టేస్తావ్!’’

బండి నేర్చుకున్న ప్రతి తెలుగు కుర్రాడూ ఈ మాట వినే ఉంటాడు. నాన్నో, బాబాయో, మేనమామో... వెనక సీటు పట్టుకుని ఆయాసపడుతూ పరిగెడుతూ అరిచి ఉంటారు. నాకు చెప్పింది నాన్న. విజయనగరం అయోధ్యా మైదానంలో ఒక ఆదివారం పొద్దున్నే. నేనప్పుడు డిగ్రీ మొదటి ఏడాది. ఆ రోజు నుంచి హ్యాండిల్‌కి కుడివైపున ఒక లీవరు ఉందన్న సంగతే నా వేళ్లు మరిచిపోయాయి. బండి ఆపాలంటే కుడికాలు. అంతే!

పదిహేనేళ్లు అలాగే గడిచిపోయింది. ఊళ్లో, ఆఫీసు దారిలో, హైవే మీద... ఎక్కడా ఏమీ కాలేదు. ఇంకేముంది, నాకు డ్రైవింగ్ వచ్చనుకున్నాను. అనంతగిరి ఘాట్‌లో, డముకు దగ్గర ఒక మలుపులో, ఎదురుగా ఆర్టీసీ బస్సు రోడ్డంతా నిండిపోయి పైకొస్తున్నప్పుడు గానీ నాకు వచ్చింది సగమేనని తెలియలేదు. వెనక కూర్చున్నది అరవై నాలుగేళ్ల నాన్న!

మబ్బుల్లోకి దారి

ముందుగా ఒక మాట. మనకు రెండు అనంతగిరులున్నాయి. మూసీ నది పుట్టే వికారాబాద్ అనంతగిరి వేరు. నేను చెబుతున్నది తూర్పుకనుమల్లో, విశాఖపట్నం నుంచి అరకు వెళ్లేదారిలో ఉన్న అనంతగిరి. పూర్వం విశాఖ జిల్లాలో ఉండేది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక ఆ జిల్లాలోకి వెళ్లింది. విశాఖ నుంచి అరకుకి సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట... అదే, అందరూ ఎస్.కోట అనే ఊరు... దాటి బొడ్డవర చేరేదాకా మామూలు రోడ్డే. అటూ ఇటూ వరిచేలు, కొబ్బరిచెట్లు, మామిడితోటలు. ఆ తర్వాత కొండ మొదలవుతుంది. కాశీపట్నం, టైడ, డముకు, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట... ఒక్కో ఊరూ దాటుతుంటే చెవులు మూసుకుపోతూ, చలి పెరుగుతూ, పచ్చదనం చిక్కబడుతూ ఉంటుంది.

నాన్న ఎలిమెంటరీ స్కూలు మాష్టారుగా రిటైరయ్యారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లల్ని తీసుకుని బొర్రా గుహలకు రైల్లో వెళ్లారట. మళ్లీ వెళ్లాలని ఎప్పట్నుంచో కోరిక. నేను కారు మాట్లాడతానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ‘‘కార్లో కూర్చుంటే ఏటి కనిపిస్తుందిరా... అద్దాలు తప్ప? బండి మీద పోదాం’’ అన్నారు. అమ్మ ఇద్దర్నీ తిట్టింది. డిసెంబరు మొదటి వారంలో, తెల్లవారుజామున, ఇద్దరం రెండేసి స్వెట్టర్లు వేసుకుని, రెండు హెల్మెట్లు పెట్టుకుని బయల్దేరాం. బండి పాతది. 2012 నాటి నూరు సీసీ. ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే.

పైకి వెళ్తున్నంతసేపూ పండగే! ఎక్కేటప్పుడు కొండ మనల్ని పరీక్షించదు. ఇంజినునే పరీక్షిస్తుంది. రెండో గేరు, మూడో గేరు, మళ్లీ రెండు. బ్రేకు వేయాల్సిన అవసరమే పెద్దగా ఉండదు. యాక్సిలరేటర్ వదిలితే చాలు, బండి దానంతటదే నెమ్మదిస్తుంది. టైడ దాటాక పొగమంచు కమ్మేసింది. పది అడుగుల దూరంలో ఏముందో తెలియదు. మంచులోంచి కట్టెలమోపు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు వరసగా నడిచొచ్చి, అంతలోనే మళ్లీ మంచులో కలిసిపోయారు. అనంతగిరి దగ్గర కాఫీ తోటలు. పొడవాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో ఎర్రగా పండిన కాఫీ కాయలు. కాయలు కోసే కాలం అదే. రోడ్డు పక్కన టార్పాలిన్ల మీద ఆరబోసి ఉన్నాయి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుకాణాల్లో ఆ పేరు రాసిన ప్యాకెట్లు ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. గాలికొండ దగ్గర ఆగి ఆ కాఫీయే తాగాం. కింద మబ్బులు, పైన ఎండ. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే సంతోషంగా ఉన్నట్టు లెక్క.

అలా వచ్చేటప్పుడు లోయకి అవతల రైలు కూత వినిపించింది. కొత్తవలస - కిరండూల్ మార్గం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960ల్లో కొండల్ని తొలిచి వేశారు. యాభైకి పైగా సొరంగాలు. ఈ దారిలోని శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అదే. ఇందులో తమాషా ఏమిటంటే, ఈ మార్గంలో ఖాళీ వ్యాగన్లు కొండ ఎక్కుతాయి, నిండు వ్యాగన్లు కొండ దిగుతాయి. అంటే కష్టమంతా లాగడంలో లేదు, పట్టి ఆపడంలోనే ఉంది. ఆ మాట నాన్నతో అన్నాను కూడా. పెద్ద తెలిసినవాడిలా!

కాలిన వాసన

బొర్రా చూసుకుని తిరుగుముఖం పట్టేసరికి మధ్యాహ్నం దాటింది. మంచు విడిపోయింది. రోడ్డు మాత్రం చెట్ల నీడన ఇంకా తడితడిగానే ఉంది. నేను చేసిన పని చెబుతాను. ఈ పేజీ చదివేవాళ్లలో సగం మంది అదే చేస్తుంటారు కాబట్టి సిగ్గుపడను. బండిని టాప్ గేరులో పెట్టాను. ఒకట్రెండు చోట్ల పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్ కూడా చేశాను. కుడికాలు బ్రేకు పెడల్ మీద పెట్టాను. ఇక తియ్యలేదు.

ముందు వాసన వచ్చింది. ప్లాస్టిక్ కాలుతున్నట్టు, రబ్బరు కాలుతున్నట్టు... ఏ లారీదో అనుకున్నాను. ముందు లారీ ఏదీ లేదు. తర్వాత పెడల్ మెత్తబడింది. అంతకుముందు బొటనవేలు ఆనిస్తే పట్టే బ్రేకు, ఇప్పుడు పాదమంతా మోపినా ‘చూద్దాంలే’ అన్నట్టుంది. సరిగ్గా అప్పుడే హెయిర్‌పిన్ మలుపు, పైకొస్తున్న బస్సు. ఆర్టీసీ డ్రైవరు తప్పేం లేదు. అంత పొడుగు బండి ఆ మలుపు తిరగాలంటే రోడ్డు మొత్తం కావాలి. హారన్ కూడా కొట్టాడు.

పెడల్ మీద లేచి నిలబడ్డాను. బండి ఆగడం లేదు. చేతి కింద ముందు బ్రేకు లీవరు ఉంది. తెలుసు. కానీ వేళ్లు అటు వెళ్లలేదు. పదిహేనేళ్ల కిందటి నాన్న గొంతు వాటిని కట్టేసింది. ఆ నాన్న వెనక నుంచి ‘‘ఒరేయ్ ఒరేయ్ ఒరేయ్’’ అంటున్నారు. ఏం చేశానో సరిగ్గా గుర్తులేదు. గేరు ఒకటి కిందికి తన్నాను. ఎడమ పక్క కొండ ఉంది కాబట్టి బతికిపోయాం. నీళ్లు పోయే కాలవలోకి దిగి, మట్టిగట్టుకి గీసుకుంటూ బండి ఆగింది. నా మోచెయ్యి చీరుకుపోయింది. నాన్న మోకాలికి చిన్న దెబ్బ. అవతలి పక్కకి జారి ఉంటే... అక్కడ కొండ లేదు.

డముకు అన్న పేరు పేపరు చదివేవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2021 ఫిబ్రవరి 12న చీకటి పడే వేళ, హైదరాబాద్ నుంచి అరకు చూడ్డానికొచ్చిన పర్యాటకుల బస్సు తిరిగి వెళ్తూ ఇక్కడే మలుపులో లోయలోకి పడిపోయింది. నలుగురు చనిపోయారు. పొద్దున ఎక్కేటప్పుడు ఆ చోటు చూపించి నాన్నకి ఆ సంగతి చెప్పింది కూడా నేనే.

‘ఎర్ర లైటు ఆరట్లేదు సార్’

కాలవలో బండి లేపలేక అవస్థ పడుతుంటే వెనక నుంచి ఓ కుర్రాడు వచ్చి ఆగాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. ఆ పక్క కొండల మీది ఊరు. బండి వెనక రెండు బస్తాలు, వాటి మీద ఒక కోడిపుంజు. పుంజు కాళ్లు కట్టేసి ఉన్నాయి, దాని మొహంలో మాత్రం మా మొహాల్లో లేని ప్రశాంతత ఉంది. కుర్రాడు బండి పట్టి పైకి లాగాడు. నాన్నని రాయి మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. తర్వాత చాలా మర్యాదగా అన్నాడు...

‘‘మీ వెనకే వస్తన్నాను సార్. పైనుంచీ మీ ఎర్ర లైటు ఆరట్లేదు. ఏదో అవుద్దనుకున్నాను.’’

బ్రేకు లైటు! పైనుంచి కిందిదాకా కాలు తియ్యకపోతే అది మాత్రం ఎలా ఆరుతుంది?

డ్రమ్ము మీద నీళ్లు పోద్దామని సీసా ఎత్తాను. ‘‘వద్దొద్దు, పగులుద్ది’’ అని ఆపాడు. దానంతటది చల్లారాలట. అరగంట కూర్చున్నాం. ఆ అరగంటలో అతను చెప్పింది, పదిహేనేళ్ల నా డ్రైవింగ్‌లో ఎవరూ చెప్పలేదు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. ఇది ఘాట్లలో తిరిగే లారీ డ్రైవర్లందరి నోటా ఉండే మాటే. మలుపులోకి వెళ్లాక కాదు, మలుపుకి ముందే బండి నిటారుగా ఉన్నప్పుడు వేగం తగ్గించుకోవాలి. రెండు బ్రేకులూ కలిపి వెయ్యాలి. వేసి వదిలెయ్యాలి. వదిలినప్పుడల్లా బ్రేకుకి గాలి తగులుతుంది. మళ్లీ వెయ్యాలి.

‘‘ముందు బ్రేకు వేస్తే పల్టీ కొట్టదా?’’ అడిగింది నాన్న.

అతను నవ్వాడు. ‘‘లాగి కొడితే కొడద్ది మాష్టారూ. నిమ్మచెక్క పిండినట్టు పిండాల.’’

నాన్న మాష్టారని అతనికి ఎలా తెలిసిందో నాకిప్పటికీ తెలియదు. కొందర్ని చూస్తే తెలిసిపోతుందేమో!

ఏడు లీటర్ల నీళ్లు

ఇంటికొచ్చాక ఈ సంగతి వదల్లేదు. కాగితం మీద లెక్క వేసి చూశాను. బండి, మేమిద్దరం కలిసి 250 కిలోలు అనుకుందాం. కొండ మీద నుంచి కిందికి ఓ 900 మీటర్లు దిగుతాం. అంత బరువు అంత ఎత్తు నుంచి దిగేటప్పుడు విడుదలయ్యే శక్తి, ఏడు లీటర్ల చన్నీళ్లని మరిగించడానికి సరిపోతుంది! ఈ శక్తి ఎక్కడికో పోవాలి కదా. కొంత గాలికి పోతుంది. గేరులో ఉంటే చాలా భాగం ఇంజిను మింగుతుంది. న్యూట్రల్‌లో ఉంటే ఇంజిను చేతులు కట్టుకుని కూర్చుంటుంది. మిగిలిందంతా బ్రేకు లైనింగులే తాగాలి. నేను ఏడు లీటర్ల కుండ తీసుకెళ్లి చారెడు లేని ఒక్క బ్రేకు మీద పెట్టాను. కాలిన వాసన రాక ఏమొస్తుంది? వేడెక్కిన లైనింగు డ్రమ్ముని ఎంత నొక్కినా రాపిడి పుట్టదు. జారిపోతుంది. దీన్నే మెకానిక్కులు ‘బ్రేకు ఫేడ్ అయింది’ అంటారు. పెడల్ మెత్తబడటం వెనక కథ అదే.

ఇక ముందు బ్రేకు సంగతి. బస్సులో నిలబడ్డప్పుడు డ్రైవరు బ్రేకు వేస్తే మనం ముందుకి తూలతాం కదా. బండి కూడా అంతే. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. ముందు ఫోర్కు కిందికి కుంగడం అందుకే. బరువు పడ్డ టైరు రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది. అదే సమయంలో వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని ఎంత గట్టిగా పట్టినా ఏం లాభం? తిరగడం మానేసి ఈడ్చుకుపోతుంది. ఒక్కరే నడుపుతున్నప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే, ఆపే పనిలో దాదాపు ముప్పాతిక వంతు ముందు చక్రానిదే. వెనక మనిషో, బియ్యం బస్తానో ఉంటే వెనక చక్రం వాటా కొంచెం పెరుగుతుంది. కొండ దిగేటప్పుడు బండి ముక్కు ఎటూ కిందికే ఉంటుంది కాబట్టి బరువు మరింత ముందుకి చేరుతుంది. అంటే ఏ చోట ముందు బ్రేకు అందరికంటే ఎక్కువ అవసరమో, సరిగ్గా ఆ చోటే మనవాళ్లు దానికి అందరికంటే ఎక్కువ భయపడతారు!

అంకెల్లో చెప్పుకోవాలంటే... గంటకి 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద, చదునైన చోట రెండు బ్రేకులూ సరిగ్గా వేస్తే తొమ్మిది, పది మీటర్లలో ఆగుతుంది. వెనక బ్రేకు ఒక్కటే వేస్తే ఇంచుమించు దానికి రెట్టింపు. చూసి, బెదిరి, బ్రేకు వేసేలోపు గడిచే సెకను దీనికి అదనం. ఆ పది మీటర్ల తేడా ఎంతో తెలుసా? సరిగ్గా ఒక ఆర్టీసీ బస్సు పొడుగు.

ఈ భయం మన ఒక్కళ్లదే కాదు. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను, జరిగిన చోటికే వెళ్లి పరిశీలించింది. 1981లో నివేదిక ఇచ్చింది. అందులో తేలినవాటిలో ఇదొకటి... ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు చాలామంది వెనక బ్రేకుని తొక్కిపట్టి చక్రాన్ని ఈడ్చుకుపోయేలా చేశారు. ముందు బ్రేకుని వాడాల్సినంత వాడలేదు. అక్కడా ఎవరి నాన్నో చెప్పే ఉంటాడు!

చక్రం బిగుసుకుపోయి ఈడ్చుకుపోకుండా ఆపే పరికరమే ఏబీఎస్. 1988లో బీఎండబ్ల్యూ కంపెనీ తన కె100 మోటార్‌సైకిల్‌కి దాన్ని అమర్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అంతకన్నా చిన్నవాటికి కనీసం సీబీఎస్... అంటే ఒక బ్రేకు వేస్తే రెండోది కూడా కొంత పడే ఏర్పాటు... ఉండాలన్నారు. ఒక రకంగా చెప్పాలంటే, ముందు బ్రేకు మనం ఎలాగూ వెయ్యమని ప్రభుత్వానికి తెలిసిపోయి, కాలితో తొక్కినా అదీ పడేలా చట్టం చేసిందన్నమాట. కానీ అంతకు ముందు కొన్న బళ్లు ఇంకా లక్షల్లో తిరుగుతున్నాయి. నా బండీ అందులోదే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవాళ్లే. లైసెన్సు పరీక్ష అనగానే మనకి గుర్తొచ్చేది మాత్రం కాలు కింద పెట్టకుండా ‘ఎనిమిది’ వెయ్యడం!

నాన్న ఎందుకలా చెప్పారు?

నాన్నది తప్పని రాసేస్తే తేలిగ్గా అయిపోయేది. కానీ డముకు దగ్గర రాయి మీద కూర్చుని ఆయన చెప్పిన సంగతి వినాలి.

ఆయన సైకిలు తొక్కి పెరిగినవాళ్లు. సైకిలు తేలిక, మనిషి ఎత్తులో ఉంటాడు. దిగుడులో ముందు బ్రేకు పట్టేస్తే మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరిపడతాడు. అది నిజం. తర్వాత సెకండ్ హ్యాండ్ మోటార్‌సైకిల్ కొన్నారు. ఆయన పనిచేసిన బడులన్నీ పల్లెల్లో. తారు రోడ్డు దిగితే ఇసుక, గులకరాళ్లు, వానాకాలం బురద. ఒక సాయంత్రం బడి నుంచి వస్తుంటే గేదె అడ్డొచ్చింది. ఇసుకలో, హ్యాండిల్ తిప్పి ఉండగా, ముందు బ్రేకు లాగారు. ముందు చక్రం సర్రున జారిపోయింది. వెనక అమ్మ ఉంది. నేను కడుపులో ఉన్నానట.

ఈ సంగతి నాకిప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అమ్మకేం కాలేదు. నాకూ కాలేదు. కానీ ఆ రోజు నుంచి నాన్న ముందు బ్రేకు ముట్టుకోలేదు. కొడుకునీ ముట్టుకోనివ్వలేదు.

నిజానికి ఆయన భయపడ్డ పరిస్థితి ఇప్పటికీ భయపడాల్సిందే. టైరుకి రోడ్డు మీదుండే పట్టు నెల జీతం లాంటిది. మలుపు తిరగడానికి కొంత ఖర్చవుతుంది. బ్రేకుకి కొంత ఖర్చవుతుంది. రెండూ ఒకేసారి భారీగా పెడితే జీతం చాలదు. వెనక చక్రం జారితే బండిని సర్దుకునే అవకాశం ఉంటుంది. ముందు చక్రం జారితే రెప్పపాటులో నేల మీద ఉంటాం. అనంతగిరి రోడ్డు మీద ఇలాంటి చోట్లు తక్కువేం కాదు. నీడ మలుపుల్లో ఎండ చేరక తడి ఆరదు. ఆ తడి మీద రాలిన ఆకులు. వాన పడితే కొండ మీంచి కొట్టుకొచ్చిన ఎర్రమట్టి, కంకర. అలాంటి చోట బండి వంగి ఉన్నప్పుడు ముందు లీవరు గట్టిగా లాగితే నాన్న చెప్పిందే జరుగుతుంది. అందుకే ఆ కుర్రాడు బండి నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకొమ్మన్నది. అప్పుడు జీతం మొత్తం బ్రేకుకే పెట్టొచ్చు.

ఇసుకలో నేర్చుకున్న పాఠాన్ని తారు రోడ్డు మీదికీ, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు మీదికీ తెచ్చుకున్నాం. అక్కడ వచ్చింది చిక్కు.

దిగుదారిలో

అరగంట తర్వాత కుర్రాడు డ్రమ్ముకి దగ్గరగా చెయ్యి పెట్టి చూసి, ‘‘ఇక పోదాం సార్. నేను ముందుంటాను, నా లైటు చూసుకుని రండి’’ అన్నాడు. రెండో గేరు. ఇంజిను గుర్రుమంటూ బండిని వెనక్కి పట్టుకుంది. అతని ఎర్ర లైటు మలుపుకి ముందు వెలుగుతోంది, మలుపులో ఆరిపోతోంది. మళ్లీ మలుపుకి ముందు వెలుగుతోంది. దాన్ని చూస్తూ నేనూ నాలుగు వేళ్లూ లీవరు మీద వేశాను. మొదటిసారి చెయ్యి వణికింది. నిమ్మచెక్క పిండినట్టు... ఫోర్కు మెల్లగా కుంగింది. బండి గోడకి ఆనుకున్నట్టు నిలకడగా నెమ్మదించింది. ఇన్నాళ్లూ ఇది నా చేతి కిందే ఉందా అనిపించింది!

నాన్న మాత్రం కాశీపట్నం దాకా నా భుజం వదల్లేదు.

బొడ్డవర దగ్గర అతను చెయ్యి ఊపి పక్కదారిలోకి తిరిగిపోయాడు. పేరు అడగడం మరిచిపోయాం. ఎస్.కోటలో మెకానిక్ దగ్గర బండి ఆపాం. వెనక చక్రం విప్పి బ్రేకు షూలు చేతికిచ్చాడు. లైనింగు గరుగ్గా ఉండాల్సింది పోయి అద్దంలా మెరుస్తోంది. ‘‘ఇది ఇక బ్రేకు కాదు బాబూ, పలక. దీని మీద అ, ఆలు రాసుకోవాలి’’ అన్నాడు. నాన్న మొదటిసారి నవ్వారు. ముందు చక్రం కూడా విప్పాడు. ఆ షూలు చూసి ఆశ్చర్యపోయాడు. పదమూడేళ్ల బండికి కంపెనీ నుంచి వచ్చిన షూలు వచ్చినట్టే ఉన్నాయి. దుమ్ము పట్టి, కేబుల్ బిగుసుకుపోయి... వాడితే కదా అరిగేది! వెనక కొత్తవి వేసి, ముందు కేబుల్‌కి నూనె పెట్టి, లీవరు సరిచేశాడు.

అరకు బండి మీద వెళ్లాలనుకునేవాళ్లు ఈ పని ఎక్కే ముందే చేయించుకుంటే మంచిది. డిస్క్ బ్రేకు ఉన్నవాళ్లు లీవరు మెత్తగా దిగుతోందేమో చూసుకోవాలి. అందులో ఉండే బ్రేకు ఆయిల్ గాలిలోని తేమని పీలుస్తుంది. పాతబడ్డ ఆయిల్ దిగుడులో వేడికి మరిగి బుడగలు కడితే లీవరు హ్యాండిల్‌కి ఆనేదాకా లాగినా బ్రేకు పట్టదు. రెండేళ్లకోసారి మార్చమంటారు మెకానిక్కులు. చలికాలంలో పొద్దున్నే మంచు విడిచేదాకా తొందరపడకూడదు. చీకటి పడకముందే కొండ దిగిపోవాలి.

బండి బాగయ్యేసరికి పొద్దు వాలింది. ఎదురుగా టీ కొట్టులో రెండు టీలు చెప్పాను. గ్లాసులు వచ్చాయి. నాన్న తాగలేదు. ‘‘తాళం ఇలా ఇయ్యి’’ అన్నారు.

‘‘మోకాలు నొప్పన్నారుగా?’’

‘‘మోకాలితో కాదు కదా... చేత్తో కదా వేస్తాను.’’

కొట్టు వెనక ఖాళీ స్థలం ఉంది. గట్టి నేల. నాన్న బండెక్కి, మొదటి గేరులో నెమ్మదిగా వెళ్లి, ముందు బ్రేకు పట్టారు. బండి ఠక్కున ఆగింది, ఆయన కొంచెం ముందుకి తూలారు. కాళ్లు రెండూ కింద పెట్టి ఫోర్కు వంక చూశారు. మళ్లీ వెళ్లారు. ఈసారి మెల్లగా. మళ్లీ. ఇంకొంచెం వేగంగా. ఇంకోసారి. బడిలో పిల్లల చేత ఎక్కం వల్లె వేయించినట్టు ఆయన తన వేళ్ల చేత వల్లె వేయిస్తున్నారు.

టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ చాలాసేపు చూశాడు. చివరికి ఉండబట్టలేక నన్ను అడిగాడు...

‘‘పెద్దాయనకి బండి నేర్పిస్తన్నారేటి బాబూ?’’